వకీలు గారి పెట్టెలో ఆఖరి సంచిక

పాత బొమ్మల కథల పుస్తకం చేతికి రాగానే నేను మొదట వెన్ను చూస్తాను. తర్వాత పిన్నులు. ఆ తర్వాత నాలుగు మూలలు, అట్ట మీద రంగు, చివరికి లోపలి పేజీలు. కథ చూడను. ఈ మాట విన్నవాళ్ళు నవ్వుతారు. మా అక్క నవ్వదు, జాలిపడుతుంది.

నల్లగొండ ఖజానా కార్యాలయంలో నా ఉద్యోగమంతా గడిచింది. స్టాంపు కాగితాల కట్టలు విప్పి తడిసినవి, చిరిగినవి, పురుగు పట్టినవి వేరుచేయడం అందులో చాలా ఏళ్ళు నా పని. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కళ్ళకూ వేళ్ళకూ ఏం తోచలేదు. తెలంగాణ వచ్చిన ఏడు, 2014 ఆగస్టులో, హైదరాబాదు కోఠీలో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య నా చిన్నప్పటి పక్షపత్రిక ఒకటి కనబడింది. బొమ్మల కథల పత్రిక అది. మూడేళ్ళు నడిచి 1965లో ఆగిపోయింది. అట్ట మీద కుంటి ఎద్దు, దాని పక్కన ఒక పిల్ల. అక్కడే ఎండలో నిలబడిపోయాను. అమ్మేవాడు రెండుసార్లు అడిగాడు, "ఏమమ్మా, తీస్కుంటవా, పక్కకు జరుగుతవా?" అని.

అట్లా మొదలైంది. మన జిల్లాల్లోనూ ఇట్లాంటి పిచ్చి ఉన్నవాళ్ళున్నారని తర్వాత తెలిసింది. ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నారు. అందులో ఎప్పుడూ ఒకటే తగువు. అమ్మేవాడు "మంచిగుంది" అంటాడు. పుస్తకం చేతికొచ్చాక అట్ట సగం ఉండదు. "నీకు మంచి అంటే ఏంది?" అని కొన్నవాడు, "యాభై ఏండ్ల పుస్తకం పెండ్లికూతురు లెక్క ఉంటదా?" అని అమ్మినవాడు. చూసి చూసి నేనొక పట్టిక తయారుచేశాను. నూరు మార్కులు. అట్టకు ముప్పై, వెన్నుకు ఇరవై, పిన్నులకు పది, పేజీలకు ముప్పై, రంగుకు పది. తుప్పుకు ఇంత తీసివేత, ఉమ్మి వేలి ముద్రకు ఇంత, పడుకొని చదివినవాళ్ళ తలనూనె మరకకు ఇంత. అది అందరికీ నచ్చింది. పుస్తకాలు నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. నేనూ ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. మార్కులు వేసిన పుస్తకాన్ని నేను కొనను. కొంటే రేపు నా మార్కును ఎవరు నమ్ముతారు?

మార్కులు కాక ఇంకొకటి ఉంది. ఎవరింటి పుస్తకం అన్నది. మా వాళ్ళలో దానికి విలువ ఎక్కువ. రామన్నపేటలో ఒక పోస్టుమాస్టరు గారింటి పుస్తకాలకు నడిమధ్యన నిలువు మడత ఉంటుంది. చందా కట్టి తపాలాలో తెప్పించుకున్నారు కాబట్టి. ఆ మడత లేకపోతే అది ఆయన పుస్తకం కాదు. నల్లగొండ బజారులో కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణానివైతే వెన్ను పక్కన రెండు బెజ్జాలు, వాటిలో జనపదారం, మొదటి పేజీలో ఊదారంగు ముద్ర. మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు గారి పెట్టె పేరు అందరూ విన్నదే, చూసినవాళ్ళు లేరు. ఆయన బస్టాండు దుకాణంలో పుస్తకం వచ్చిన రోజే కొని, తెరవకుండా బటర్ పేపర్‌లో చుట్టి, వేపాకు వేసి ఇనుప పెట్టెల్లో పెట్టేవారట. ఎన్ని పెట్టెలున్నా చదవని పెట్టె అనేవాళ్ళు.

నా చిన్నతనం కిరాయి దుకాణం పుస్తకాలది. ఆడపిల్లలం బజారులో ఆ దుకాణం మెట్ల మీద కూర్చొని చదవలేం కాబట్టి మా నాన్న, బాపు అనేవాళ్ళం, సాయంత్రం తెచ్చి పొద్దున తిరిగి ఇచ్చేవాడు. అక్క నాకంటే అయిదేళ్ళు పెద్దది. చాప మీద ఇద్దరం బోర్లా పడుకునేవాళ్ళం. చదవడం అక్క పని, పేజీ తిప్పడం నా పని. నాకు చదవడం రాక కాదు. అక్క గొంతులో విన్నాక ఆ అక్షరాలు నేను మళ్ళీ చదివితే చప్పగా ఉండేవి.

ఆ పత్రికలో ఒక ధారావాహిక వచ్చేది. ఒక మంత్రగాడు ఊరి బావిని చాపలా చుట్టి చంకలో పెట్టుకొని పోతాడు. పశువులు కాసే పిల్ల కుంటి ఎద్దునెక్కి దాన్ని వెతుక్కుంటూ పోతుంది. మా ఊర్లలో నీళ్ళ బాధ తెలిసినవాళ్ళకు అది కథలా ఉండేది కాదు. ప్రతి సంచికకు ఒక ఊరు. చివరికి పిల్ల రాజుగారి కోట గోడ ఎక్కి చూస్తుంది. లోపల, రాజు వాకిట్లో, తమ ఊరి బావి. నెమళ్ళు దాని గట్టు మీద కూర్చొని ఉంటాయి. అక్కడ ఆగింది.

మరుసటి సంచిక వచ్చేలోగా అక్క పెళ్ళయింది. 1965 మే నెల. అక్కకు పదహారు, నాకు పదకొండు. బండెక్కుతూ అక్క ఏడవలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "బావి దాన్ని గుర్తువడ్తదే. ఆ పిల్ల వోయి నిలవడితే సాలు, బావే లేసి ఎంబడి వస్తది. సదివి నాకు చెప్పు," అంది. తర్వాత బాపును ఎన్నిసార్లు పంపినా దుకాణంవాళ్ళు రాలేదనే అన్నారు. ఆఖరి సంచిక కొద్దిగానే అచ్చయిందనీ, మన వైపుకు రాలేదనీ చెప్పారు. అక్క అత్తగారిల్లు నకిరేకల్. నల్లగొండకు బస్సు దూరమే. అయినా అక్క వచ్చినప్పుడు పిల్లలు, పండుగలు, పుట్టింటి పనులు. చాప పరిచి పడుకున్న సాయంత్రం మళ్ళీ రాలేదు.

అందుకని, ముసలితనంలో నేను పుస్తకాలు పోగుచేస్తున్నానంటే అక్క అడిగింది ఒకటే. "ఆఖరిది దొరికిందా?" మిగతా సంచికలన్నీ ఒక్కొక్కటే దొరికాయి. ప్రతిదీ నకిరేకల్ తీసుకెళ్ళి చూపించాను. అక్క ముట్టుకోబోతే నేను చెయ్యి తుడుచుకోమనేదాన్ని. "నీ పుస్తకం నేను తింటనా?" అనేది.

అక్క చూపు తగ్గడం 2017లో బయటపడింది. షుగరు. హైదరాబాదు దవాఖానలో డాక్టరు, లోపలి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేం అన్నాడు. ఆటో దిగేముందు అక్క అంది, "జర జల్ది దేవులాడే. ఆ బావి నా కండ్లతోని చూడాలె."

నేను వెతుకుతూనే ఉన్నాను. ఫోను గుంపులో అడిగాను. అసలు ఆ సంచిక అచ్చే కాలేదని కొందరు, వకీలు గారి పెట్టెలో ఉండొచ్చని కొందరు.

2019 జనవరిలో వకీలు గారి కొడుకు నాకే ఫోను చేశాడు. వకీలు గారు పోయి ఏడాదయిందట. పెట్టెలన్నీ కలిపి హైదరాబాదు మనిషి ఒకరు కొంటున్నారు. విడిగా ఇవ్వరు. కొనే ముందు ప్రతి పుస్తకానికీ నా మార్కు కావాలన్నారు.

"ఓపెన్ చెయ్యని సరుకు మేడం," అన్నాడు కొడుకు. "మా నాన్న మమ్మల్ని కూడ ముట్టనియ్యలే. ఒక షరతున్నది. ఫొటోలు తియ్యొద్దన్నరు. వాళ్ళ చేతికి పోయేదాక ఎక్కడా కనబడొద్దంట."

ఒప్పుకున్నాను. ఆఖరి సంచిక ఉందా అని అడగడానికి నోరు రాలేదు. లేదంటే వెళ్ళే కాళ్ళు ఆగిపోతాయని.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులో వెళ్ళాను. పాత ఇల్లు, కోర్టుకు దగ్గర. వకీలు గారి భార్య తలుపు తీసింది. నాకంటే కొద్దిగా పెద్ద. మనిషి చిన్నది, గొంతు పెద్దది. "పుస్తకాలకు మార్కులేసే మేడం నువ్వేనా? ఫెయిలైతే ఏం జేస్తవు?" అని నవ్వింది. చాయ్ తెచ్చింది. పుస్తకాలున్న బల్ల మీద పెట్టనివ్వకపోతే మూతి తిప్పింది. "ఆయన ఆత్మ నీలకొచ్చింది," అంది.

పని మూడు రోజులన్నారు. ఆమె గుమ్మంలో పీట వేసుకొని చిక్కుడుకాయ ఒలుస్తూ నన్ను చూస్తూ ఉండేది. పుస్తకాలు నిజంగానే అద్భుతంగా ఉన్నాయి. వెన్నులు నిలువుగా, పిన్నులు మెరుస్తూ. అక్కడక్కడ వేపాకు నీడ గోధుమరంగులో కాగితం మీదికి దిగింది. అదొక్కటే లోపం.

"ఆయన ఇవి ఎప్పుడూ చదవలేదా అమ్మా?" అని అడిగాను.

"రిటైరైనంక సదువుకుంట అంటుండె. వకీలుకు రిటైరుమెంటు ఏడిది? డెబ్బయి ఎనిమిదేండ్లకు గూడ నల్లకోటేసుకొని పోయిండు. ఆ కోటుతోనే పోయిండు."

రెండో రోజు మధ్యాహ్నం మూడో పెట్టె అడుగున అది ఉంది. బటర్ పేపర్‌లోంచే కుంటి ఎద్దు కొమ్ములు కనబడ్డాయి. విప్పాను. అట్ట మీద కోట వాకిలి, మధ్యలో బావి. సంచిక సంఖ్య చూశాను. నెల చూశాను. 1965 మే, రెండో పక్షం. సంఖ్య మళ్ళీ చూశాను. పుస్తకాన్ని బల్ల మీద పెట్టేశాను.

కొననని నా కట్టుబాటు. ఫొటో తియ్యనని ఒప్పందం. రేపు సాయంత్రానికి ఇది ప్లాస్టిక్ సంచిలోకి, అక్కణ్ణుంచి ఎవరో తెలియని ఇంటికి పోతుంది. అక్క కళ్ళు నకిరేకల్‌లో ఉన్నాయి.

కొడుకును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క సంగతి, చూపు సంగతి. ఫొటో వద్దు, వీడియో కాల్‌లో ఒక్కసారి చూపించుకోవచ్చా అని అడిగాను. అతను తల గోక్కున్నాడు. తల్లి వంక చూశాడు. "కాల్‌ల ఏం బోతదిరా, చూడనియ్యి," అందామె. కొడుకు సరేనని తనే ఫోను పట్టుకున్నాడు.

అక్క తెరమీదికి వచ్చింది. కోడలు అటుపక్క ఫోను పట్టుకున్నట్టుంది. అక్క ముఖం ఒకసారి, సీలింగు ఒకసారి కనబడింది.

"అక్కా, దొరికింది."

"చూపియ్యి," అంది.

అట్ట చూపించాను. అక్క ముఖం తెరంతా నిండేలా దగ్గరికి వచ్చింది. ఒక కన్ను మాత్రం కనబడింది, అటూ ఇటూ వెతుకుతూ.

"ఏదో పచ్చగ కనవడతాంది. గదేనా బావి?"

"పచ్చది నెమలి అక్కా. బావి దాని పక్కన."

"పక్కనేం లేదే. పొగ లెక్క ఉన్నది." ఇంకాసేపు చూసింది. వెనక్కి జరిగింది. "ఆలస్యమైందే. పోనీ, నువ్వు సదువు."

నేను అక్కకు చదివి వినిపించడం అదే మొదటిసారి. పుస్తకం ఎక్కువ తెరుచుకోకుండా చెక్క పలకతో పేజీ ఎత్తిపట్టి, వంగి చదివాను. నా గొంతు నాకే లెక్క చదువుతున్నట్టు వినిపించింది. పిల్ల కోటలోకి దూకుతుంది. కావలివాళ్ళు పట్టుకుంటారు. ఈ బావి నీదని సాక్ష్యమేమిటని రాజు అడుగుతాడు. పిల్ల తన మట్టి కడవను బావిలోకి దించుతుంది. అప్పుడు బావి... నేను పేజీ తిప్పడానికి పలక దూరుస్తున్నాను.

"'నీ కడవ చప్పుడు నాకు తెలుసు పిల్లా, ఇన్నాళ్ళకొచ్చినవా' అంటది బావి," అంది గుమ్మంలోంచి వకీలు గారి భార్య.

పేజీ తిప్పాను. అచ్చం అవే మాటలున్నాయి.

"చూసినవా!" అని అక్క అక్కడ అరిచింది. "గుర్తువడ్తదని నేను చెప్పలే? చెప్పిన్నా లేదా?"

నేను మాత్రం పేజీ కింది మూల చూస్తున్నాను. పుస్తకం తెరిచినప్పటి నుంచీ కథ మీదే ఉన్న కళ్ళు అప్పుడు పనిలో పడ్డాయి. మూలన పసుపు. బొటనవేలంత, పాతబడి లేతగా మారిన పసుపు. ముందు పేజీకి ఉంది. అంతకుముందు దానికీ ఉంది. తొలి పెట్టెల్లో కూడా అక్కడక్కడ ఇట్లాంటిదే చూసి కాగితం రంగు మారిందని రాసుకున్నాను. వంటింట్లోంచి వచ్చి చెయ్యి కొంగుకు తుడుచుకొని పుస్తకం తీసిన మనిషి వేలు అది.

కొడుకూ చూశాడు. "అమ్మా! నువ్వెప్పుడు చదివినవే?"

"నువ్వు బడికి, మీ నాయిన కోర్టుకు పోయినంక. మల్ల ఏం జెయ్యాలె ఇంట్ల, గోడలు సదువుకోవాల్నా?" ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది. "మడత మీద మడత వేసి, ఆకు ఎట్లున్నదో అట్లనే పెట్టేదాన్ని. యాభై ఏండ్లు. వకీలు గద, ఒక్కసారి గూడ పట్టలే."

ఫోనులోంచి అక్క పడీపడీ నవ్వింది. "ఆమెవరే? ఆమెను గూడ చూపియ్యి!"

చివరి పేజీ చదివాను. బావి మాట్లాడటం విని రాజకుమారుడు పిల్లను మెచ్చుతాడు. పెళ్ళి. రాజు బావిని చుట్టి కట్నంగా ఊరికి పంపిస్తాడు. పల్లకీ, పూలు, సమాప్తం.

అక్క ముఖం మళ్ళీ తెర దగ్గరికి వచ్చింది.

"పెండ్లా? గంతేనా? నడుమ గీ పెండ్లేందే?"

నేను పేజీ కింది నుంచి పలక తీశాను. అక్క గొంతు మళ్ళీ వచ్చింది. "సరే తియ్యి. మబ్బు పట్టినట్టున్నది, గింజలు ఎత్తాలె," అని ఫోను పెట్టేయించింది. జనవరిలో మబ్బేమిటి!

ఆ పెళ్ళి పేజీని వెలుతురుకు పెట్టి చూశాను. దానికి ఏ మూలా పసుపు లేదు. కొత్తదిలా ఉంది.

ఇక మార్కు రాయాలి. పసుపు మరకకు నా పట్టికలో తీసివేత ఎనిమిది. ముందు రోజు వేసిన పుస్తకాలన్నీ మళ్ళీ తియ్యాలి. కొడుకు పక్కనే నిలబడి నెమ్మదిగా అన్నాడు. "మేడం, అది రాయకపోతే కాదా? చదవని పెట్టె అనే కద దీనికి పేరు."

నేను ఏదో చెప్పబోయే లోపల ఆమె అంది, "రాయనియ్యిరా. దాచి దాచి ఆయనే పోయిండు. సదివినోళ్ళు ఒకరున్నరని తెల్వనియ్యి." నావైపు తిరిగి, "మార్కులు ఎన్నన్న తియ్యి చెల్లె. నా పేరు కింద రాయి," అంది. అప్పటిదాకా మేడం అన్న మనిషి.

రాశాను. ఆమె పేరు, యజమాని భార్య చదివిన ప్రతి, కింది మూలల్లో పసుపు, చివరి పేజీ శుభ్రం, ఎనభై ఆరు. ఇంకో రోజు ఎక్కువ ఉండి మిగతావన్నీ సరిచేశాను. కొన్నాయన గొణిగాడట గాని తీసుకున్నాడు. పెట్టెలు వెళ్ళిపోయాయి.

ఆ ఏడు వానకాలానికి అక్కకు చూపు పూర్తిగా పోయింది. నేను నెలకు రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఒకసారి, బత్తాయి రసం తాగుతూ అక్క అంది, "ఆ బావి కథ చెప్పవే. పెండ్లి దాకా వద్దు. కడవ దించుతది సూడు, ఆడిదాకా."

మొదలుపెట్టాను. కోట, కావలివాళ్ళు, కడవ. నాలుగు మాటలకు ఆగిపోయాను. కింది మూలన పసుపు ఎంత మేర పాకిందో చెప్పగలను. వేపాకు నీడ పొడవు చెప్పగలను. నెమలి పచ్చ గీత దాటి ఎంత పక్కకు జరిగిందో కూడా. రాజు ఏమడిగాడో, పిల్ల ఏమందో మాత్రం నాకు రాలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నాను. నాతో ఏమీ రాలేదు.

అక్క పక్కనే కూర్చొని మహబూబ్‌నగర్‌కు ఫోను కలిపాను. సంగతి చెప్పాను. "గంత చదువుకొని యాదికి లేదా చెల్లె? ఫోను ఆమెకియ్యి," అంది వకీలు గారి భార్య. స్పీకరు పెట్టి అక్క చేతిలో పెట్టాను. ఆమె గొంతు గదంతా నిండింది. కుంటి ఎద్దు ఎట్లా నడుస్తుందో నోటితో చప్పుడు చేసింది. కడవ బావిలో పడ్డప్పుడు అక్క ఊపిరి బిగపట్టింది. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆమే అంది, "ఆ పెండ్లి నాకు గూడ నచ్చలే వదినె. తీసేస్తున్న. బావి లేసి పిల్ల ఎంబడి నడిసింది, అంతే." అక్క చేతులు చరిచింది. నేను పక్కనే ఉన్నాను. అక్క నావైపు తిరగలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ రోజూ మధ్యాహ్నం మాట్లాడుకుంటారు. ఆ పెట్టెల్లోని కథలన్నీ ఆమె తలలో ఉన్నాయి. రోజుకొకటి చెప్పినా ఇద్దరి ఆయుస్సుకూ సరిపోతాయి. ముఖాముఖి ఇంతవరకు కలుసుకోలేదు. ఆ వేళకు నేను నల్లగొండ నుంచి ఫోను చేస్తే అక్క లైను దొరకదు.

కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఒకరోజు సాయంత్రం అక్కతో అనేశాను, నన్ను కూడా కలుపుకొమ్మని.

"నీకెందుకే కథలు? నువ్వు అట్టలు చూసుకో," అంది అక్క.

"ఊరికే వింటాను."

"నడుమ నడుమ ఏ సంచిక, ఏ నెల అని అడ్డం రావొద్దు మల్ల."

"రాను."

మర్నాడు మధ్యాహ్నం అక్క మనుమడు నకిరేకల్‌లో ముగ్గురినీ ఒకే ఫోనులో కలిపి వెళ్ళాడు. ఆమె మొదలుపెట్టింది. నేను చదవని కథ. బహుశా నేనే మార్కు వేసిన పుస్తకం, ఏదో తెలియదు. మంచం మీద పడుకొని ఫోను చెవి పక్కన పెట్టుకున్నాను. అడవి వచ్చింది, నది వచ్చింది. నడుమ ఒకచోట ఆమె నీళ్ళు తాగడానికి ఆగింది.

"ఉన్నవానే?" అంది అక్క.

"ఉన్న అక్కా."

"ఆఁ, చెప్పు వదినె," అంది అక్క అటువైపుకు. "నది దాటినంక?"